శ్రీశైలం ఎడమగట్టుల నీళ్ళు మళ్ళ పైకి తోడుడు ఏంది, కరెంట్ దండగ కాదా?

నల్లమల_బాటసారి:

అన్నలకు, పెద్దలకు నమస్తే. జోక్ అనుకోకున్రి, సీరియస్‌గనే అడుగుతున్న. మొన్న శ్రీశైలం పోయొస్తూ దోమలపెంట కాడ చాయ్ తాగుతుంటే పక్కన కూసున్న ఒకాయన చెప్పిండు, ఎడమగట్టు పవర్‌హౌస్ల టర్బైన్లు ఉల్టా తిప్పి, కిందికి పోయిన నీళ్ళను మళ్ళ డ్యాంలకు తోడతరంట. నేను నమ్మలే. ఇంటికొచ్చి ఫోన్ల వెతికితే నిజమే, 150 మెగావాట్లవి ఆరు, మొత్తం 900, ఆరుకి ఆరు రివర్సిబుల్ మిషన్లే అంట.

ఇగ నా డౌట్ ఏందంటే, 100 యూనిట్లు పెట్టి నీళ్ళు పైకి ఎక్కిస్తే, అవే నీళ్ళు కిందికి దిగేటప్పుడు 75 నుంచి 80 యూనిట్లే తిరిగి వస్తయంట. మరి మిగిలిన ఇరవై, ఇరవై అయిదు యూనిట్లు గంగల కలిసినట్టే కద. ఏ షావుకారి అయినా నూరు పెట్టి ఎనభై తెచ్చుకునే బేరం చేస్తడా? గవర్నమెంట్ది కాబట్టి నడుస్తుందా లేకపోతే దీంట్ల మనకు తెల్వని మతలబు ఏమన్న ఉందా?

ఇంకోటి, బొగ్గు కాల్చినా నీళ్ళు వదిలినా గాలి తోసినా ఆఖరికి కరెంట్ అయ్యేది ఎట్లనో అది కూడ కొంచెం చెప్పున్రి. వీడియో లింకులు పారేసి పోకున్రి, మనుషులు చెప్తే వేరే ఉంటది.

బాయిలర్_బాబాయ్:

తమ్ముడూ, నేను ఒక థర్మల్ స్టేషన్లో ఆపరేషన్ సైడ్ షిఫ్టులు చేసేవాణ్ణి, ఏ స్టేషనో అడక్కు. నువ్వు యూనిట్లు లెక్కేశావు బానే ఉంది, ఏ టైముకి వచ్చిన యూనిట్ అన్నది వదిలేశావు. యవ్వారం మొత్తం అక్కడే ఉంది.

గ్రిడ్ వైర్లలో కరెంట్ దాచిపెట్టడం కుదరదు. ఈ క్షణంలో జనం ఎంత వాడుతున్నారో ఈ క్షణంలోనే అంత తయారవ్వాలి. ఎక్కువ తయారైతే ఫ్రీక్వెన్సీ, అంటే కరెంట్ సెకనుకి ఎన్నిసార్లు అటూఇటూ ఊగుద్దో ఆ లెక్క, పైకి పోద్ది, తక్కువైతే కిందికి పడుద్ది. మనకి 50 హెర్ట్జ్, 49.90 నుంచి 50.05 మధ్యలో ఉంచాలని రూలు. లోడ్ డిస్పాచ్ సెంటర్ వాళ్ళు రాత్రీపగలూ చేసే పని ఇదే, ఆ మిషన్ లోడ్ పెంచండి, ఈ మిషన్ తగ్గించండి అని ఫోన్ల మీద ఫోన్లు.

ఇప్పుడు మా బొగ్గు సంగతి విను. బంకర్లోంచి బొగ్గు మిల్లులో పడుద్ది, అక్కడ మెత్తగా పొడిచేసి వేడి గాలితో ఫర్నేస్‌లోకి ఊదుతాం. ఫర్నేస్ గోడలన్నీ ట్యూబులే, వాటిలో నీళ్ళు ఆవిరై, సూపర్ హీటర్లు దాటి బయటకొచ్చేసరికి 540 డిగ్రీలు. ఆ ఆవిరి టర్బైన్ బ్లేడ్ల మీద పడితే రోటర్ నిమిషానికి 3000 చుట్లు తిరుగుద్ది. 3000 ఎందుకంటే సెకనుకి 50, మన ఫ్రీక్వెన్సీ అదే. అదే షాఫ్ట్‌కి అవతల జనరేటర్ రోటర్, అదొక పెద్ద కరెంట్ అయస్కాంతం, చుట్టూ స్టేటర్లో రాగి వైండింగులు. అయస్కాంతం తిరుగుతుంటే రాగిలో వోల్టేజి పుడుద్ది. ఫారడే 1831లో కనిపెట్టిన సంగతి, ఇవాళ్టికీ అంతే. కుడంకుళంలో అణు రియాక్టర్ అన్నా కూడా యురేనియం వేడితో నీళ్ళు ఆవిరి చెయ్యడమే, ఆ తర్వాత మళ్ళీ టర్బైను, జనరేటరు. నీళ్ళైతే ఆవిరి పని లేదు, నీళ్ళే డైరెక్టుగా తిప్పుతాయి. గాలైనా అంతే.

నష్టం అంటావా, ఇరవై యూనిట్లకే నువ్వు బాధపడుతున్నావు గానీ బొగ్గులో ఉన్న వేడిలో నూటికి 35, బాగా కొత్త ప్లాంట్ అయితే 40 దాకా, అంతే కరెంట్ అవుద్ది. మిగతాది ఎక్కడికి పోద్దంటే ఎక్కువ భాగం కండెన్సర్‌లోకి. టర్బైన్లో పనైపోయిన ఆవిరిని మళ్ళీ నీళ్ళు చెయ్యాలి కదా, ఆ వేడంతా కూలింగ్ టవర్ పైనుంచి ఆకాశంలోకి. రోడ్డు మీద పోతూ ఆ వెడల్పు టవర్ల మీద తెల్లగా లేచేది చూసి అందరూ పొగ అంటారు, అది పొగ కాదు నీటావిరి, పొగ వచ్చేది పక్కన సన్నగా పొడుగ్గా ఉండే చిమ్నీ నుంచి.

మన బొగ్గుతో ఒక యూనిట్ కరెంట్‌కి 600 నుంచి 700 గ్రాములు పడుద్ది, అందులో మూడో వంతు దాకా బూడిదే. 800 మెగావాట్ల మిషన్ ఫుల్ లోడ్ మీద ఉంటే గంటకి 500 టన్నులు మింగుద్ది, అంటే రోజుకి మూడు గూడ్సు రైళ్ళు. ఒక్క మిషన్‌కే.

అసలు పాయింట్ ఇది. ఆ నిప్పుని స్విచ్ వేసినట్టు ఆపలేం. లోడ్ తగ్గించమంటే 55 శాతం దాకా తగ్గిస్తాం, అక్కడికి మించి తగ్గిస్తే ఫర్నేస్‌లో మంట నిలకడగా ఉండదు, ఆయిల్ గన్లు పెట్టి మంట కాయాలి, ఆయిల్ ఖర్చు చూస్తే కళ్ళు తిరుగుద్ది. పూర్తిగా ఆపేస్తే ఇంకో తంటా, టర్బైన్ రోటర్ టన్నుల బరువు, వేడి మీద కదలకుండా ఉంచితే పైన ఒకలా కింద ఒకలా చల్లబడి వంగిపోద్ది, అందుకని ఆపేశాక కూడా బారింగ్ గేర్ వేసి మెల్లగా గంటలకొద్దీ, ఒక్కోసారి రోజులకొద్దీ తిప్పుతూనే ఉండాలి. మళ్ళీ చల్లటి బాయిలర్ని వెలిగించి, సింక్రనైజ్ చేసి అంటే గ్రిడ్ తాళంతో కలిపి, ఫుల్ లోడ్‌కి తేవాలంటే ఒక షిఫ్ట్ చాలదు. అదే నీళ్ళ మిషనైతే గేటు తెరిచిన కొద్ది నిమిషాల్లో లోడ్ మీదకి వచ్చేస్తది.

కాబట్టి అర్ధరాత్రి జనం పడుకుని వాడకం పడిపోయినప్పుడు మాకు లోడ్ తగ్గించుకోమంటారు, తగ్గించడానికి ఒక హద్దు ఉంది, ఆ మిగులు కరెంట్‌తో శ్రీశైలంలో నీళ్ళు పైకి తోడేసి, సాయంత్రం ఏడింటికి అందరూ లైట్లు, ఏసీలు, మోటర్లు వేసినప్పుడు వదలటం. వాళ్ళు అప్పట్లో డిజైన్ చేసింది ఈ లెక్కతోనే.

ఈఈఈ_మాస్టారు:

బాబాయ్ గారు బొగ్గు వైపు పూర్తిగా చెప్పేశారు, నేను నీళ్ళ వైపు రెండు లెక్కలు వేస్తాను, ఇంజినీరింగ్ కాలేజీలో ఇదే చెప్పుకు బతుకుతున్నా కాబట్టి పెన్ను ఆగదు.

శ్రీశైలం నిండితే 885 అడుగులు. కింద సాగర్ నిండితే 590 అడుగులు, దాని బ్యాక్‌వాటర్ శ్రీశైలం డ్యాం కాళ్ళ దాకా వస్తుంది. తేడా 295 అడుగులు, అంటే 90 మీటర్లు. వెయ్యి లీటర్ల నీళ్ళు 90 మీటర్లు పడితే మిషన్ నష్టాలు తీసేసి సుమారు 0.22 యూనిట్ వస్తుంది. తిరగేసి చూస్తే ఒక యూనిట్ కరెంట్‌కి 4,500 లీటర్లు, అంటే ఒక మాదిరి వాటర్ ట్యాంకర్. మీ ఇంట్లో 2 కిలోవాట్ల గీజర్ పావుగంట వేస్తే అర యూనిట్, అంటే మీ బకెట్ వేడినీళ్ళ కోసం శ్రీశైలంలో 2,250 లీటర్లు కిందికి దూకాయన్నమాట, లేకపోతే బాబాయ్ గారి దగ్గర ఓ 325 గ్రాముల బొగ్గు కాలింది. లైన్ నష్టాలు నేను కలపలేదు.

పేపర్లో చూస్తుంటారు కదా, ఎడమగట్టు పవర్‌హౌస్ ద్వారా 35,315 క్యూసెక్కులు విడుదల అని. ఆ అంకె వింతగా ఎందుకుంటుందంటే అది సెకనుకి సరిగ్గా వెయ్యి ఘనపు మీటర్లు, అంటే సెకనుకి 10 లక్షల లీటర్లు. పై లెక్కలో పెట్టండి, దాదాపు 800 మెగావాట్లు వస్తుంది. ఒక టీఎంసీ అంటే 2,831 కోట్ల లీటర్లు, డ్యాములు నిండుగా ఉన్నప్పుడు దానితో 60 లక్షల యూనిట్ల పైనే తీయొచ్చు.

ఇక ఉల్టా తిరగడం. జనరేటర్ అనేది మోటర్ కూడా. షాఫ్ట్ తిప్పితే కరెంట్ ఇస్తుంది, కరెంట్ ఇస్తే షాఫ్ట్ తిప్పుతుంది, వైండింగుకి తేడా తెలియదు. మన పొలం త్రీఫేజ్ మోటర్ రివర్స్ తిరిగితే ఏం చేస్తాం, రెండు ఫేజులు అటూఇటూ మారుస్తాం, ఇక్కడా అంతే, కాకపోతే ఆ మార్చే స్విచ్‌గేర్ ఒక గది అంత ఉంటుంది. రన్నర్, అంటే నీళ్ళలో తిరిగే చక్రం, దాని ఆకారం కూడా రెండు పనులకీ సరిపోయేలా డిజైన్ చేస్తారు, ఒక వైపు తిరిగితే టర్బైను, ఇంకో వైపు తిరిగితే పంపు. స్టార్టింగే కష్టం. అంత పెద్ద మోటర్ని నిలబడి ఉన్న చోటి నుంచి నేరుగా గ్రిడ్‌కి తగిలిస్తే వోల్టేజి కుప్పకూలుతుంది. అందుకని ఇలాంటి పవర్‌హౌసుల్లో మామూలుగా చేసేది ఏంటంటే, కంప్రెస్డ్ గాలి ఊది రన్నర్ చుట్టూ ఉన్న నీళ్ళని కిందికి నెట్టేసి, రన్నర్‌ని ఖాళీ గాలిలో తిప్పుతూ, ఫ్రీక్వెన్సీని సున్నా దగ్గర్నుంచి మెల్లగా పెంచుకుంటూ 50కి తెచ్చి సింక్రనైజ్ చేసి, అప్పుడు గాలి వదిలి నీళ్ళు రానిస్తారు. ఆ నీళ్ళు రన్నర్‌ని పట్టుకున్న క్షణంలో మిషన్ ఒక్కసారి మూలుగుతుంది.

కుడిగట్టులో ఉన్న 110 మెగావాట్ల ఏడు మిషన్లకి ఈ విద్య లేదు, అవి ఒక వైపే. సాగర్ మెయిన్ పవర్‌హౌస్‌లో 100.8 మెగావాట్లవి ఏడు రివర్సిబులే.

నల్లమల_బాటసారి:

మాస్టారు, బాబాయ్, ఇద్దరికీ దండం. గీజర్ లెక్క మా ఇంటామెకు చూపిచ్చిన, నువ్వు చన్నీళ్ళు పోసుకో అన్నది.

ఒక్కటి అర్థం కాలే. రాత్రి మిగులు అన్నరు, మరి ఇప్పుడు అంతటా సోలార్ వచ్చింది కద, సోలార్ రాత్రి ఉండదు. అట్లయితే రాత్రి మిగులు ఎక్కడిది?

సింపుల్_సుబ్బు:

ఇదంతా పాత కాలం గోల బ్రో, లిథియం బ్యాటరీలు కంటైనర్లలో వస్తున్నాయి, సబ్‌స్టేషన్ పక్కన దించితే అయిపోయె, కొండలు తవ్వి సొరంగాలేసి నీళ్ళు పైకీ కిందకీ తిప్పే పనేంటి ఈ రోజుల్లో. రేట్లు కూడా పడిపోయాయి.

అనంత_రైతు:

సుబ్బన్నా ఆగప్పా, ఒక్కొక్కటి చెప్పుకుందాం. బాటసారి అన్న అడిగింది కరెక్టే, ఇప్పుడు కథ తిరగబడింది. మాది అనంతపురం పక్క, మా ఇంటి మిద్దె మీద 3 కిలోవాట్ల సోలార్ ఉండాది, కేంద్రం సూర్యఘర్ స్కీములో 78 వేలు సబ్సిడీ వచ్చె, మేం లైన్లోకి పంపిందీ వాడిందీ రెండూ లెక్కేసే నెట్ మీటర్ కోసం మాత్రం నెలల తరబడి తిప్పినారు, ఏ ఆఫీసో చెప్పను. కిలోవాట్‌కి రోజుకి నాలుగు యూనిట్ల లెక్కన పన్నెండు దాకా వస్తాది. ఎండలు మండిపోయే మే నెలలో ఎక్కువ రావాల కదా అనుకుంటారు అందరూ, రాదు. ప్యానెల్ వేడెక్కేకొద్దీ కరెంట్ తగ్గుతాది, 25 డిగ్రీలు దాటినాక ఒక్కో డిగ్రీకి 0.3, 0.4 శాతం పోతాది, మధ్యాహ్నం మిద్దె మీద ప్యానెల్ ముట్టుకుంటే చెయ్యి కాలుతాది, 60 పైనే ఉంటాది. దుమ్ము వేరే. నేనైతే తెల్లార్జామున చల్లగా ఉన్నప్పుడే కడుగుతా, ఎండలో చన్నీళ్ళు కొడితే అద్దం పగిలే భయం.

దీంట్లో తిరిగేది ఏమీ లేదు సూడు, అన్నిట్లోకీ ఇదే వేరే జాతి. వెలుతురు సిలికాన్ మీద పడితే ఎలక్ట్రాన్లు కదిలి డీసీ కరెంట్ వస్తాది, ఇన్వర్టర్ దాన్ని ఏసీ చేసి లైన్లోకి పంపుతాది. మా పక్కింటాయన అడిగినాడు, కరెంట్ పోతే మీకేమప్పా సోలార్ ఉండాది కదా అని. బ్యాటరీ లేకుంటే కరెంట్ పోయినప్పుడు మా సోలార్ కూడా ఆగిపోతాది. లైన్ చచ్చిపోయింది అనుకుని లైన్‌మేన్ స్తంభం ఎక్కి పని చేస్తా ఉంటే మా మిద్దె మీద నుంచి కరెంట్ పోయి ఆయప్పకి కొట్టకూడదు కదా, అందుకని ఇన్వర్టర్ తనంతట తానే ఆగేటట్టు పెట్టినారు.

ఇప్పుడు మిగులు సంగతి. మా పక్క ఎన్.పి.కుంట సోలార్ పార్కు, కర్నూలు పక్క ఇంకో 1000 మెగావాట్ల పార్కు, అటు తెలంగాణ, కర్ణాటక, తమిళనాడు, అందరికీ ఒకే మధ్యాహ్నం కదా. పదకొండు నుంచి మూడు దాకా కరెంట్ పారతాది, ఆరున్నరకి ఒక్కసారి మొత్తం సున్నా. అదే టైముకి ఇండ్లల్లో లైట్లు పడతాయి. మదనపల్లి మార్కెట్లో టమాటా మాదిరి, అందరి తోటలూ ఒకేసారి కాపుకొస్తే పారబోసుకోవాల, కాపు లేనప్పుడు కొనేవానికి చుక్కలు. కరెంట్ కొని అమ్మే ఎక్స్ఛేంజీలో మధ్యాహ్నం యూనిట్ ఒక్కోసారి రెండు రూపాయల కిందికి పడతాది, సాయంత్రం వాడకం ఎక్కువుండే పీకులో గవర్నమెంట్ పెట్టిన గరిష్ఠ హద్దు పది రూపాయలు, ఆ హద్దును తాకిన సాయంత్రాలు కూడా ఉన్నాయి. అన్నా నువ్వు షావుకారి బేరం అన్నావు కదా, రెండు రూపాయల లెక్కన నాలుగు యూనిట్లు ఎనిమిది రూపాయలకి కొని నీళ్ళు ఎక్కించి, రాత్రికి మూడు యూనిట్లు ఎనిమిదేసి రూపాయలకి అమ్మితే ఇరవై నాలుగు. యూనిట్ పోయింది, దుడ్డు పోలేదు.

మాకు 9 గంటలు పగటిపూట వ్యవసాయ కరెంట్ ఇచ్చేది కూడా ఇందుకే అనుకో, మధ్యాహ్నం మిగులును బోర్ల మోటర్లు తాగేస్తాయి. మాకూ మంచిదే, అర్ధరాత్రి పాముల్లో పురుగుల్లో స్టార్టర్ దగ్గరికి పోయే బాధ తప్పింది.

గాలిమరలు కూడా చూస్తా పెరిగినోణ్ణి. రెక్క మెల్లగా నిమిషానికి పది, ఇరవై చుట్లే తిరుగుతాది, చాలా వాటిల్లో లోపల గేర్‌బాక్స్ పెట్టి జనరేటర్‌కి స్పీడ్ పెంచుతారు. గాలి వేగం సగమైతే కరెంట్ సగం కాదు, ఎనిమిదో వంతు. అందుకని జూన్ నుంచి సెప్టెంబర్ దాకా దడదడలాడిస్తాది, మిగతా నెలల్లో సోమరిపోతు.

ఈఈఈ_మాస్టారు:

రైతు గారు నా క్లాసుకి గెస్ట్ లెక్చర్‌కి రావాలి అసలు.

సుబ్బు గారూ, బ్యాటరీని ఎవరూ కాదనట్లేదు, పెట్టిన దాంట్లో 85 శాతం పైనే తిరిగి ఇస్తుంది, పంపింగ్ కన్నా మెరుగే, రెప్పపాటులో స్పందిస్తుంది కూడా. కానీ ఎడమగట్టు ఒక్కటే ఫుల్ మీద గంట నడిస్తే 9 లక్షల యూనిట్లు. ఇప్పుడు గ్రిడ్‌కి పెడుతున్న బ్యాటరీలు ఎక్కువగా రెండు గంటలు, నాలుగు గంటల లెక్కన కడుతున్నారు, పది పదిహేనేళ్ళకి సెల్స్ మార్చుకోవాలి. డ్యాం, సొరంగం తరాలు నిలుస్తాయి, మిషన్ వైండింగ్ మార్చుకుంటూ పోతే చాలు. పైగా శ్రీశైలంలో డ్యాం ఎలాగూ సాగునీటి కోసం, కరెంట్ కోసం కట్టేసిందే. రెండూ కావాలి, అరగంట అవసరానికి బ్యాటరీ, ఐదారు గంటల అవసరానికి నీళ్ళు, నా ఓటు అది.

డల్లాస్_డైరీ:

హాయ్ అండీ, థ్రెడ్ చూసి ఆగలేకపోయా. ఫ్రీక్వెన్సీ ఏంటి, 49.9 అంటే ఏంటి అంత సీన్ ఎందుకు అనుకునేవాళ్ళకి మా టెక్సాస్ కథ చెప్పాలి. 2021 ఫిబ్రవరి 15 తెల్లవారుజామున, మంచుకి గ్యాస్ బావులు, పైపులు, ప్లాంట్లు గడ్డకట్టి ఒకదాని వెనక ఒకటి పడిపోయాయి, ఇక్కడ 60 హెర్ట్జ్ ఉండాలి, 59.3కి పడింది. ఆ లెవెల్లో ఇంకో 4 నిమిషాల 37 సెకన్లు ఉండి ఉంటే స్టేట్ గ్రిడ్ మొత్తం కుప్పకూలేదని తర్వాత గ్రిడ్ ఆపరేటరే చెప్పారు. అందుకని ఉన్నపళంగా లక్షల ఇళ్ళకి కరెంట్ కట్ చేసి మిగతాది కాపాడారు. మన తెలుగు వాళ్ళు ఇక్కడ ఎంతమంది ఉన్నారో తెలుసు కదా, అందరం దుప్పట్లు కప్పుకుని కార్లలో ఫోన్లు చార్జ్ చేసుకున్నాం. టెక్సాస్ గ్రిడ్ పక్క రాష్ట్రాలతో పెద్దగా కలవదు, పక్కవాడి దగ్గర అప్పు తెచ్చుకునే దారి కూడా సన్నం.

మన సౌత్ గ్రిడ్ కూడా ఒకప్పుడు విడిగా ఉండేది కదా? 2012 జులైలో నార్త్ అంతా పోయినప్పుడు మనకి ఏమీ అవలేదు.

బాయిలర్_బాబాయ్:

అవును బాబూ, 2012 జులై 30, 31 రెండు రోజులూ, రెండో రోజు నార్త్, ఈస్ట్, నార్త్ ఈస్ట్ మూడూ పోయాయి, 60 కోట్ల మంది ఉండే ప్రాంతం. మనం అప్పటికి వాళ్ళతో ఒకే ఫ్రీక్వెన్సీలో కలిసి లేం, 2013 డిసెంబర్ 31న రాయచూర్-షోలాపూర్ 765 కేవీ లైన్‌తో కలిశాం. అప్పట్నుంచి దేశమంతా ఒకటే ఫ్రీక్వెన్సీ. కాశ్మీర్లో బల్బూ కన్యాకుమారిలో ఫ్యానూ ఒకే తాళానికి తిరుగుతాయి.

గ్రిడ్ మొత్తం పోతే ఏం చేస్తారో చెప్పనా, అప్పుడు మా థర్మల్ వాళ్ళం చేతులు కట్టుకుని కూచోవాల్సిందే. మా ప్లాంట్ నడవడానికి మాకే కరెంట్ కావాలి, మిల్లులు, ఫ్యాన్లు, ఫీడ్ పంపులు, తయారు చేసే వంద యూనిట్లలో ఆరేడు మేమే తినేస్తాం. బయటి నుంచి కరెంట్ రాకపోతే బాయిలర్ వెలగదు. నీళ్ళ మిషన్‌కి బ్యాటరీలు, చిన్న డీజిల్ జనరేటర్ ఉంటే చాలు, గేటు తెరిచి తనే లేస్తది, లేచి లైన్ మీద మాకు కరెంట్ పంపుద్ది, అప్పుడు మేం లేస్తాం. బ్లాక్ స్టార్ట్ అంటారు.

నల్లమల_బాటసారి:

అంటే ఎడమగట్టుల దినాం తోడుతనే ఉంటరా? మరి నీళ్ళు ఎవలియి అని రెండు రాష్ట్రాల లొల్లి ఎప్పుడు చూసినా టీవీల వస్తనే ఉంటది కద.

అడ్మిన్:

నీటి వాటాల గొడవ ఈ థ్రెడ్‌లో వద్దు ప్లీజ్, దానికి వేరే విభాగం ఉంది, అక్కడ ఇప్పటికే తలకాయలు పగిలాయి. టెక్నికల్ వరకు మాట్లాడుకోండి.

ఈఈఈ_మాస్టారు:

అడ్మిన్ గారి మాట కాదనను, ఇంజినీరింగ్ వరకే చెప్తాను. రోజూ తోడరు, తోడలేరు కూడా.

వరద నెలల్లో కృష్ణ పొంగి గేట్లు ఎత్తి ఉచితంగా నీళ్ళు పోతుంటే ఎవరైనా కరెంట్ పెట్టి నీళ్ళు పైకి ఎక్కిస్తారా, అప్పుడు ఆరు మిషన్లూ జనరేషన్ మీదే ఉంటాయి. ఎండాకాలం చివరికి వస్తే సాగర్ మట్టం పడిపోయి బ్యాక్‌వాటర్ వెనక్కి జరుగుతుంది, పంపు నోటికి నీళ్ళు అందవు, అందకుండా నడిపితే రన్నర్ మీద బుడగలు పగిలి స్టీలు కూడా గుంటలు పడుతుంది. మధ్యలో, వరద తగ్గి రెండు డ్యాముల్లోనూ నీళ్ళు బాగా ఉన్న నెలలే పంపింగ్‌కి అనువైనవి. అందులో మళ్ళీ కింద సాగు, తాగునీటికి ఎంత వదలాలి అనే షెడ్యూల్ ఒకటి. అంటే మన చేతిలో ఉన్న 900 మెగావాట్ల స్టోరేజ్ ఏడాదిలో చాలా రోజులు స్టోరేజ్‌గా పనికిరాదు, మామూలు జల విద్యుత్ కేంద్రమే.

అందుకే ఇప్పుడు కొత్తగా కట్టేవి నది మీద కాకుండా పక్కన కడుతున్నారు. కర్నూలు దగ్గర పిన్నాపురం, 1680 మెగావాట్లు, అది అదే రకం. పైన ఒక చెరువు, కింద ఒక చెరువు, మొదట ఒకసారి నింపుకుంటే అవే నీళ్ళు పైకీ కిందకీ, ఆవిరైపోయింది మాత్రం మళ్ళీ పోసుకోవాలి. సాగునీటి షెడ్యూల్ లేదు, వరద లేదు, మధ్యాహ్నం సోలార్‌తో ఎక్కించడం, సాయంత్రం దించడం.

ఎడమగట్టు గురించి ఇంకో మాట. 2020 ఆగస్టు 20 రాత్రి అక్కడ మంటలు లేచినప్పుడు లోపల తొమ్మిది మంది పోయారు. ఆ పవర్‌హౌస్ మొత్తం కొండ లోపల ఉంటుంది, బయటికి దారి సొరంగమే, పొగ నిండితే దారి కనపడదు. నేను ఈ విషయం చెప్పకుండా ఆ మిషన్ల పాఠం ఎప్పుడూ పూర్తి చెయ్యను, నా పిల్లల్లో కొంతమంది రేపు అలాంటి చోట్లే డ్యూటీలు చేస్తారు.

సింపుల్_సుబ్బు:

సరే మాస్టారూ, నాలుగు గంటల పైన నీళ్ళకే ఓటు. కానీ మామూలు జనానికి ఇందులో ఏం ఒరుగుతుంది, మధ్యాహ్నం చీప్ అయితే మనకి బిల్లు తగ్గుతుందా?

అనంత_రైతు:

2023లో కేంద్రం రూల్స్ మార్చింది సుబ్బన్నా, ఎండ ఉండే గంటల్లో రేటు పది నుంచి ఇరవై శాతం తక్కువ, పీకులో పది ఇరవై ఎక్కువ పెట్టాలని, ముందు పెద్ద కనెక్షన్లకి, తర్వాత ఇండ్లకి, మాకు వ్యవసాయానికి మినహాయింపు. స్మార్ట్ మీటర్ ఉంటేనే అది లెక్క తేలేది, మామూలు మీటర్‌కి పగలూ రాత్రీ తెలీదు కదా. మీ బిల్లు వెనక పక్క తిప్పి చూడు, గంటల వారీ రేటు వేసినారో లేదో తెలిసిపోతాది. వేసుంటే వాషింగ్ మెషీన్, నీళ్ళ మోటర్ మధ్యాహ్నానికి జరుపుకో, గీజర్ మాత్రం బాటసారి అన్న ఇంట్లో ఎలాగూ బంద్.